ఎన్ని పాలు? ఎంత బెల్లం?

గండిపేట చెరువు ఒడ్డునున్న చిలుకూరు బాలాజీ గుడిలో చాలామంది భక్తుల చేతిలో ఒక కాగితమూ పెన్నూ కనిపిస్తాయి. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. పదకొండైతే వేళ్లమీద తేలిపోతుంది. నూట ఎనిమిది మాత్రం ఆ తోపులాటలో ఎవరికి గుర్తుంటుంది? అందుకే 1 నుంచి 108 దాకా అంకెలు అచ్చేసిన కాగితం. చుట్టు తిరగడం, ఒక గడి కొట్టేయడం.

గమ్మత్తేమిటంటే ఆ భక్తుడు లెక్కపెట్టడం లేదు. చుట్టుకో గడి జత కలుపుతున్నాడు, అంతే.

లెక్కించడమంటే అసలు ఆ జత కలపడమేనన్న ఆలోచనను జర్మన్ గణితవేత్త గెయోర్గ్ కాంటర్ అనంతం దాకా లాక్కెళ్లాడు. 1, 2, 3... అనే వరసతో ఒకదానికొకటి జత కుదిరితే చాలు, అంతులేని గుంపు కూడా 'గణనీయమే'. చిలుకూరు చుట్లకూ కాగితానికీ చివరే లేదనుకోండి. అందులో సరిసంఖ్యల గళ్లే ఉన్నా ఇబ్బంది లేదు: మొదటి చుట్టుకు 2, రెండో చుట్టుకు 4... ఒక్క చుట్టూ మిగలదు. సగమే అనుకున్నవి మొత్తానికి సరిపోయాయి! భిన్నాలనూ ఇలాగే వరసలో నిలబెట్టవచ్చు.

అన్నీ ఇలా లొంగవని 1874లో కాంటరే నిరూపించాడు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు వందల్లో ఉన్నా లెక్కకొస్తాయి. అదే రోడ్డు మీద సుద్దముక్కతో గీసిన జానెడు గీతలోని బిందువులు రావు. చివరే లేని కాగితమిచ్చినా కొన్ని బయటే ఉండిపోతాయి. మనం 'లెక్కలేనన్ని' అనే ఇసుక రేణువులు మాత్రం గణితం దృష్టిలో లెక్కకొచ్చేవే. ఓపిక లేనిది మనకే.

తెలుగు భాషది వేరే లెక్క. ఎన్ని కొబ్బరికాయలు, ఎంత బెల్లం, ఎంతమంది చుట్టాలు అంటాం. తోటల్లో పూసే బంతిపూలు విడివిడిగా లెక్కకొచ్చేవే అయినా కిలోల్లో తూస్తారు. మల్లెలు మాలై మూరల్లోకి మారతాయి. బియ్యానికి చివర బహువచనపు 'లు' లేదు, అయినా ఇంట్లో 'బియ్యం అయిపోయాయి' అంటారు. పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనమే, ఒక్క చుక్క మిగిలినా సరే.

చిలుకూరు దాటి శంకర్‌పల్లి వైపు వెళితే ప్రొద్దుటూరు వస్తుంది (బంగారం కొట్ల ప్రొద్దుటూరు కాదు, అది కడప జిల్లాలోది). అక్కడే కాదు, ఏ తెలుగు ఊళ్లోనైనా గేదెను బేరమాడేవారు అడిగేది 'ఎన్ని పాలిస్తుంది?' అనే. జవాబు మాత్రం 'పూటకు మూడు లీటర్లు'. 'మూడు పాలు' అన్నారంటే అది గేదె సంగతి కాదు, పొలం పంపకాల్లో వాటాల సంగతి.