బడి ఆవరణలో వర్షమాపకం

వాతావరణ మార్పుల పాఠం మన బడుల్లో తరచుగా ధ్రువాల మంచు కరగడంతో మొదలై, మొక్క నాటడంతో ముగుస్తుంది. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది కనుక పాఠానికి కొరత లేదు. అయితే అనంతపురం వేరుశనగ రైతు పిల్లలకు ధ్రువాల మంచు దూరపు మాట. ఇక పర్యావరణ దినోత్సవమైన జూన్ 5 నాటికి మన బడులకు వేసవి సెలవులే పూర్తికావు. ఆ రోజు మొక్క నాటినా నీరు పోసేవారుండరు.

వాన అలా కాదు. విత్తాలా, ఆగాలా అన్న చర్చను పిల్లలు ఇంట్లోనే వింటారు. పాఠం అక్కడ మొదలుకావాలి. అడుగు సమతలంగా, అంచులు నిటారుగా ఉన్న పాత్ర ఏదైనా వర్షమాపకంగా పనికివస్తుంది. దానిని చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట ఉంచాలి. పాత్ర వెడల్పు ఎంతైనా అందులో నిలిచిన నీటి లోతే వర్షపాతం. పిల్లలు ఈ మాటను మొదట నమ్మరు. చిన్నదీ పెద్దదీ రెండు పాత్రలు పక్కపక్కన ఉంచి చూపాలి. వాతావరణ శాఖ పద్ధతిలోనే ఉదయం 8.30 గంటలకు కొలవాలి. 2.5 మి.మీ. లేదా అంతకు మించితే దానిని వర్షపు రోజుగా లెక్కించాలి.

ఎకరంపై ఒక మి.మీ. వాన అంటే సుమారు 4,047 లీటర్ల నీరు. 20 మి.మీ. వాన పడితే మూడెకరాల చేనుపై దాదాపు 2.4 లక్షల లీటర్లు కురిసినట్లు. ఆ లెక్క చేసిన పిల్లలు, అందులో ఎంత ఇంకింది, ఎంత మట్టిని కోసుకుపోయింది అని తామే అడుగుతారు. కందకాలు, వాలుకు అడ్డంగా దున్నడం, పంట వ్యర్థాలను నేలపై కప్పడం గురించి అప్పుడు చెబితే మనసుకెక్కుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు కింద రైతులే వాననూ, బావుల నీటిమట్టాన్నీ కొలిచి పంటలు నిర్ణయించుకున్నారు. రైతులు నేర్చినది పిల్లలకు కష్టం కాదు.

కొలతలను కార్తెల వారీగా కూడా రాయించాలి. తాతలు ఏ కార్తెలో విత్తేవారో ఇంట్లో అడిగి పక్కనే నమోదు చేయవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఒక్క ఏడాది మృగశిరలో వాన పడనంత మాత్రాన వాతావరణం మారిందని రాయించడం శాస్త్రం కాదు. సగటుకు సాధారణంగా 30 ఏళ్ల లెక్క కావాలి. జ్ఞాపకం కొలతకు సాటిరాదు. సమీప పరిశోధన స్థానంలోని పాత వర్షపాత వివరాలను బడికి అందించవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలదే.

ఏప్రిల్ చివరి, మే నెల జల్లులు సెలవుల్లోనే పడతాయి. ఆ సెలవుల్లో పట్టికను బడికి దగ్గరలో ఉన్న విద్యార్థి ఇంటికి అప్పగించాలి.