పరదుఃఖము, స్వదుఃఖము: నటి సావిత్రి మరణమునెడ స్త్రీల శోకము

తామెన్నడును ఎదుట చూడని ప్రసిద్ధవ్యక్తి మరణించినపుడు, స్త్రీలు ఇంటిమనిషిని కోల్పోయినట్లు దుఃఖించుట లోకమున కలదు. పురుషులును దుఃఖింతురు, కాని స్త్రీల కన్నీటినే చాపల్యమని త్రోసిపుచ్చుట వాడుక. ఈ శోకమునకు గల కారణమును నటి సావిత్రి విషయమున విచారింతము.

సావిత్రి 1980లో స్పృహ కోల్పోయి, సుమారు 19 మాసములట్లే యుండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో మరణించినది. 'దేవదాసు' (1953)లో ఆమె ధరించిన పార్వతి, ప్రేమించినవానికి దూరమై వయసు మీరిన జమీందారునకు భార్యయగును. 'మిస్సమ్మ' (1955)లో మేరీ, తల్లిదండ్రుల అప్పు తీర్చుటకై పరాయివానికి భార్యనని బొంకి ఉద్యోగము చేయును.

పార్వతికై ప్రేక్షకురాలు కార్చిన కన్నీరు కరుణరసజన్యము. భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణమువలన పార్వతి దుఃఖము ఒక వ్యక్తి దుఃఖముగా మిగులక, సర్వులకును ఆస్వాద్యమగుచున్నది. నటి మరణించినపుడు కలుగునదట్టి రసము కాదు, లౌకికశోకము. పరిచయమే లేనిచోట లౌకికశోకమెట్లు జనించును?

ఇందులకు కారణములు రెండు కానవచ్చుచున్నవి. మొదటిది, నటి జీవితము పాత్రల జీవితముతో పెనవేసికొనుట. సావిత్రి స్వయముగా ఆర్జించినది. 'చిన్నారి పాపలు' (1968) చిత్రమునకు దర్శకత్వము వహించినది. అప్పటికే వివాహితుడైన జెమినీ గణేశన్‌ను పెండ్లాడినది. తుదకు సంపదను, ఆరోగ్యమును కోల్పోయినది. నమ్మి నష్టపోయిన స్త్రీ కథ ప్రేక్షకురాలికి క్రొత్తది కాదు. తన యింటనో పొరుగుననో ఎరిగినదే.

రెండవది మరింత ముఖ్యము. ఇంట నేడ్చు స్త్రీని అందరును కారణమడుగుదురు. అసలు కారణము చాలమారులు చెప్పరానిది. నటికై ఏడ్చినచో సంజాయిషీ అక్కరలేదు. పరదుఃఖము చాటున స్వదుఃఖమునకు త్రోవ దొరకుచున్నది. మన స్త్రీలు పాడుకొనిన 'ఊర్మిళాదేవి నిద్ర'యు ఇట్టి అవకాశమునే కల్పించినదనవచ్చును. పదునాలుగేండ్లు భర్తకు దూరమైన ఊర్మిళను పాడుచు, గాయని తన యెడబాటును పేరు పెట్టకయే చెప్పుకొనగలదు.

2018లో విడుదలయైన 'మహానటి' చిత్రమును చూచి, సావిత్రి మరణానంతరము పుట్టిన యువతులును కంట తడిపెట్టిరి. వారిది గతస్మృతి కాదు. కావున ఈ శోకము మృతురాలిని గూర్చినదెంతయో, బ్రతికియున్నవారు చెప్పుకొనలేని దానిని గూర్చియు నంతయే. పరిశోధకుడు దీనిని పరిహసింపక, ఆ చెప్పని మాటను వినవలసియున్నది.