సీసా మీద బంగళా బొమ్మ... పళ్ళు కోసిన చెయ్యి ఎవరిది?

అమెరికాలో రెడ్‌మండ్ అనే ఊరి పేరు మన క్యాంపుల్లో చాలామంది వినే ఉంటారు. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1986లో తన ప్రధాన కార్యాలయాన్ని అక్కడికి మార్చుకుంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ కంపెనీకి పెద్ద అయ్యారు. మన జిల్లాల నుంచి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అటు వెళ్తే, పాస్‌పోర్టు పట్టుకుని మనం ఇటు గల్ఫ్‌కి వచ్చాం. ఒకే బస్టాండులో ఎక్కి వేరువేరు విమానాల్లో దిగినవాళ్ళం!

ఈ వారం మేము రాస్తున్నది కంప్యూటర్ల గురించి కాదు, ద్రాక్షపళ్ళ గురించి. క్యాంపులో ఉండేవాళ్ళకి వైన్ కబుర్లెందుకని కొందరు నవ్వుకోవచ్చు. తాగమని చెప్పడానికి రాయడం లేదు. చివరిదాకా చదివితే ఇది మన కథేనని మీకే తెలుస్తుంది.

రెడ్‌మండ్‌లో బంధువుల ఇంట్లో దిగిన మాకు, ఆదివారం ఎటైనా తిప్పుతామని చెప్పి వాళ్ళు తీసుకెళ్ళిన చోటు షాటో సెయింట్ మిషెల్. వాషింగ్టన్ రాష్ట్రంలో పేరున్న పాత వైనరీ ఇది. వైనరీ అంటే వైన్ తయారుచేసే చోటు. రెడ్‌మండ్ నుంచి 202 నంబరు రోడ్డు మీద ఉత్తరంగా పోతే పక్క ఊరు వుడిన్‌విల్. కారులో పావుగంట. పక్కనే సమామిష్ నది, దాని ఒడ్డునే సైకిళ్ళు తొక్కుకుంటూ పోయే జనం. వుడిన్‌విల్ చుట్టుపక్కల వైన్ రుచి చూపించే దుకాణాలు వందకు పైగా ఉన్నాయట. మన ఊళ్ళలో వరసగా బెల్టుషాపులు గుర్తొచ్చాయి గానీ, ఇక్కడ తూలేవాడు ఒక్కడూ కనపడలేదు!

గేటు దాటితే పెద్ద పెద్ద చెట్లు, పచ్చిక, చెరువులు. మధ్యలో ఫ్రెంచి పద్ధతిలో కట్టిన భవనం. షాటో అంటే ఫ్రెంచి భాషలో జమీందారీ బంగళా లాంటిది. సీసా మీద లేబుల్ బొమ్మ కూడా ఈ భవనమే. చూస్తే మూడు వందల ఏళ్ళ నాటిది అనిపిస్తుంది. కానీ అది తెరిచింది 1976లో. అసలు పాతది ఆ తోటలోనే ఉన్న ఇంకో ఇల్లు. ఫ్రెడరిక్ స్టిమ్‌సన్ అనే కలప వ్యాపారి 1912 ప్రాంతంలో కట్టించుకున్నది. ఆయన ఇక్కడ పెంచింది ద్రాక్ష కాదు, పాడి ఆవులు! ఆ పాడి క్షేత్రానికి హాలీవుడ్ ఫార్మ్ అని పేరు. సినిమాలకీ దానికీ సంబంధం లేదు, హాలీ అనే ముళ్ళ ఆకు చెట్ల వల్ల వచ్చిన పేరు. ఆయన ఇల్లు కట్టిన నాలుగేళ్ళకు, 1916లో, ఈ రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా నిషేధమే.

నిషేధం ఎత్తేశాక ఈ రాష్ట్రంలో రెండు చిన్న కంపెనీలు పళ్ళతో వైన్ చెయ్యడం మొదలుపెట్టాయి. 1954లో ఆ రెండూ కలిసిపోయాయి. 1967లో కాలిఫోర్నియా నుంచి ఆండ్రే చెలిషెఫ్ అనే ఆరితేరిన వైన్ పనివాడిని సలహాకు పిలిపించి సెయింట్ మిషెల్ పేరుతో మంచి రకాలు చేయించారు. 1974లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ పత్రిక లేబుళ్ళు కప్పేసి పెట్టిన రుచి పోటీలో వీళ్ళ రీజ్లింగ్ అనే తెల్లవైన్ మొదటి స్థానంలో నిలిచింది. అక్కడి నుంచి వాషింగ్టన్ వైన్‌కి పేరొచ్చింది.

రుచి చూడ్డం అంటే ఏమిటో చెప్పాలి. బల్ల ముందు నిలబెట్టి, గ్లాసు అడుగున రెండు గుక్కలకు సరిపడా పోస్తారు. ముందు గ్లాసు పైకెత్తి రంగు చూడాలి. తర్వాత గుండ్రంగా తిప్పాలి. తర్వాత గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూడాలి. ఆ తర్వాతే నోట్లో పోసుకుని అటూ ఇటూ తిప్పాలి. మింగాల్సిన పని లేదు. పక్కనే చిన్న బకెట్ పెడతారు, అందులో ఉమ్మెయ్యొచ్చు! డబ్బులిచ్చి కొన్నదాన్ని ఉమ్మేసేవాళ్ళని మేము మొదటిసారి చూశాం. రీజ్లింగ్ రుచి ఎలా ఉందంటే... పుల్లటి ఆపిల్ కొరికినట్టు, వెనకాల కాస్త తేనె తగిలినట్టు. ఎర్రది మాత్రం మాకు నచ్చలేదు. పచ్చి వక్క నమిలినట్టు నాలుక పట్టేసింది. అదే దాని గొప్పతనమని మా బంధువు చెప్పాడు. సరేనన్నాం.

పోసే అమ్మాయిని మేము ఒక ప్రశ్న అడిగాం. ‘ఈ పళ్ళు ఎక్కడ కాస్తాయి, ఎవరు కోస్తారు?’ మొదటి దానికి చక్కగా జవాబిచ్చింది. పళ్ళు ఇక్కడివి కావు, కాస్కేడ్ కొండలకు అవతల కొలంబియా లోయలో, యాకిమా లోయలో కాస్తాయి. సీటెల్ వైపు ఎప్పుడూ ముసురే. కొండలకు అవతల ఏడాదికి ఏడెనిమిది అంగుళాలకు మించి వాన పడదు, మన అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు. నదుల నీళ్ళు పారించి తోటలు పెంచుతారు. ఎర్ర వైన్లు చేసేది కూడా అటువైపు పాటర్సన్ దగ్గరే. రెండో ప్రశ్నకి ఆ అమ్మాయి నవ్వి, ‘అక్కడి పనివాళ్ళు’ అంది. అంతే.

మన ఊళ్ళో గౌడన్న తాడెక్కి లొట్టి దించితే, చెట్టు కిందే కూర్చుని తాగుతాం. ఎవరు దించారో, ఏ చెట్టుదో, మోకు జారి పడి ఎవరి నడుం విరిగిందో ఊరందరికీ తెలుసు. ఇక్కడ ఒక సీసాకి కిలోకి పైనే పళ్ళు పడతాయి. కొండలకు అవతల కోసిన పళ్ళు, ఇవతల బంగళా బొమ్మతో సీసా. మధ్యలో మనిషి మాయం!

(కల్లు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. క్యాంపుల్లో దొంగచాటుగా అమ్మే సరుకు జోలికి దయచేసి పోవద్దు. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన దొంగసారా తాగి 23 మంది చనిపోయారు, ఇంకొందరికి చూపు దెబ్బతింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మన ఆసియా దేశాల కూలీలే. పండు పులిస్తే వచ్చేది వేరు, డ్రమ్ముల్లో కలిపే మందు వేరు. వాసన చూసి తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.)

ఎనిమిదేళ్ళ బాయ్‌కాట్

ఆ మాయమైన మనుషుల గురించి బంగళాలో వేలాడదీసిన ఫొటోల్లో మాకేమీ కనపడలేదు. కానీ వాళ్ళ చరిత్ర బంగళా చరిత్ర కంటే గట్టిది.

అమెరికాలో కార్మికులు యూనియన్ పెట్టుకునే హక్కుకి 1935లో చట్టం వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళకి వర్తించింది, పొలం కూలీలని మాత్రం అందులోంచి తీసేశారు. అందుకే ద్రాక్షతోటల కూలీలు చట్టం అండ లేకుండానే కొట్లాడాల్సి వచ్చింది. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానోలో మొదట పని ఆపింది ఎవరో తెలుసా? ఫిలిప్పీన్స్ నుంచి వలస వచ్చిన కూలీలు, లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో. మన పక్క గదుల్లో ఉండే ఫిలిప్పీన్ సోదరుల తాతల తరం అన్నమాట. సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీలు వాళ్ళతో కలిశారు. వేరే భాష, వేరే దేశం, అయినా ఒకే సమ్మె. ద్రాక్ష కొనొద్దని దేశమంతా తిరిగి చెప్పారు. 1970లో యజమానులు సంతకాలు పెట్టారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ వంతు ఈ వైనరీకే వచ్చింది. మెక్సికో నుంచి వచ్చిన వలస కుటుంబంలో పెరిగిన తోమాస్ విల్లనువేవా నాయకత్వంలో అక్కడి పొలం కూలీల సంఘం 1987లో షాటో సెయింట్ మిషెల్ వైన్ కొనొద్దని పిలుపునిచ్చింది. ఆలోచించండి, తోటలో సమ్మె చేస్తే వేరే కూలీలని తెచ్చుకుంటారు. దుకాణంలో సీసా కదలకపోతే ఏం చేస్తారు? పల్లెలో గెలవలేని పోరుని పట్నానికి తెచ్చారు వాళ్ళు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు! చివరికి 1995లో కంపెనీ, సంఘం కూర్చుని ఓటింగ్ పద్ధతిని తామే రాసుకున్నాయి, ఎందుకంటే అలాంటి ఎన్నికకి చట్టమే లేదు. ఆ జూన్‌లో కూలీలు యూనియన్ కావాలని ఓటేశారు. డిసెంబరులో ఒప్పందం కుదిరింది. వాషింగ్టన్ రాష్ట్రంలో పొలం కూలీలకు మొదటి యూనియన్ ఒప్పందంగా దీన్నే చెబుతారు.

అదే 1995 జనవరిలో మన దగ్గర ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద మొదలుపెట్టిన పోరాటం ఫలితం అది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఎంత పెద్ద గెలుపైనా కాపలా లేకపోతే నిలవదని మన ఆడవాళ్ళకి అప్పుడే తెలిసింది.

కొండలకు అవతల

మర్నాడు మా బంధువుని ఒప్పించి కొండలు దాటాం. కనుమ దాటగానే పచ్చదనం పోయి గోధుమరంగు గుట్టలు, మధ్యలో నీళ్ళు పారే చోట మాత్రం పచ్చటి చారలు. యాకిమా లోయలో ద్రాక్షే కాదు, ఆపిల్, చెర్రీ, బీరులో వేసే హాప్స్ కూడా పండుతాయి. ఇప్పుడు చాలా తోటల్లో కోత యంత్రాలే చేస్తున్నాయి, అది కూడా రాత్రి చల్లదనంలో. కానీ గడ్డకట్టే చలిలో కొమ్మలు కత్తిరించడం, వసంతంలో తీగలు కట్టడం, ఖరీదైన రకాల గుత్తులు కొయ్యడం ఇంకా చేతిపనే. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి తోటల్లో పనిచేసినవాళ్ళు మన క్యాంపుల్లో ఉంటే, ఆ కత్తెర పట్టు వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఒక తోట పక్కన రోడ్డు మీద భోజనాల వేళ నలుగురు కూర్చుని ఉంటే ఆగాం. మా బంధువు భార్యకి కొంచెం స్పానిష్ వచ్చు. అందులో ఒకాయన నడివయసు మనిషి. ముగ్గురు పిల్లలు మెక్సికోలో ఉన్నారు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇక్కడ. గదిలో ఎనిమిది మంది, మంచం మీద మంచం. చెబుతుంటే మాకు మన సోనాపూర్ గదులే కళ్ళముందు తిరిగాయి.

ఆయన వచ్చింది హెచ్-2ఏ అనే వీసా మీద. మన కఫీల్ పద్ధతి లాగానే ఆ వీసా కూడా ఒక్క యజమానికే కట్టేసి ఉంటుంది. తేడాలు మాత్రం తెలుసుకోదగ్గవి. వసతికి కూలీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఒప్పందంలో సగం కాలం పూర్తయితే వచ్చిన దారి ఖర్చులు, మొత్తం పూర్తయితే తిరుగు ప్రయాణం యజమానే పెట్టుకోవాలి. ఒప్పుకున్న గంటల్లో నాలుగింట మూడొంతులకైనా పని చూపించాలి, చూపించకపోతే ఆ జీతం ఇవ్వాలి. వీసా ఇప్పించినందుకు కూలీ దగ్గర కమీషన్ వసూలు చెయ్యకూడదు. ఇదంతా కాగితం మీది మాట. అక్కడ కూడా ఏజెంట్లు ఊళ్ళో దొంగతనంగా వసూలు చేస్తారని ఆయనే చెప్పాడు. మన దగ్గర పాస్‌పోర్టు గుంజుకోవడం కాగితం మీద నిషేధం కాదూ!

ఓ.టి. సంగతి అడిగాం. మన మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే కదా. దశాబ్దాలపాటు వాషింగ్టన్ పొలం కూలీలకు ఓ.టి. లేదు. ఎన్ని గంటలు చేసినా ఒకటే రేటు. 2021లో చట్టం మార్చారు. 2022లో వారానికి 55 గంటలు దాటితే, 2023లో 48 దాటితే, 2024 నుంచి 40 దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ‘మరి ఇప్పుడు ఎక్కువ వస్తోందా?’ అని అడిగితే ఆయన చెయ్యి అటూ ఇటూ ఊపాడు. ఓ.టి. ఇవ్వాల్సి వస్తుందని కొందరు యజమానులు గంటలు తగ్గించేశారట. దానికి మాత్రం చట్టంలో మందు లేదు.

సెయింట్ మిషెల్ వైన్ ఎప్పుడైనా తాగావా అని అడిగాం. లేదన్నాడు, తాను బీరే తాగుతానన్నాడు. మీరంతా ఎక్కడ పని చేస్తారని మమ్మల్ని తిరిగి అడిగాడు. దుబాయ్, కువైట్, సౌదీ అని చెబితే, ‘అక్కడ ఏం కోస్తారు?’ అన్నాడు. బిల్డింగులు కడతారని చెప్పాం. ఎత్తైనవా అని చెయ్యి పైకెత్తి చూపించాడు. అవునన్నాం. ఇంతలో వరస చివర నుంచి మేస్త్రీ ఈల వేశాడు. నలుగురూ టిఫిన్ డబ్బాలు మూసి, చేతి తొడుగులు వేసుకుని తీగల్లోకి వెళ్ళిపోయారు.