జుమా నాటి ప్రశ్న

శుక్రవారం మధ్యాహ్నం హైటెక్ సిటీ అద్దాల భవనాల నుండి యువకులు జుమా కోసం త్వరత్వరగా దిగివస్తారు. మెడలో కంపెనీ కార్డు, జేబులో టోపీ. గంటలోగా తిరిగి కుర్చీలో కూర్చోవాలి. అక్కడ ఖుత్బా చెప్పే బాధ్యత మాకు అప్పుడప్పుడూ దక్కుతుంది. ఇటీవల నమాజు ముగిశాక ఒక యువకుడు సలాము చేసి ఇలా అడిగాడు: "హజ్రత్, ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ చెరసాల పాలయ్యారని చెప్పారు. బాగ్దాదు సంగతి సరే, మన నగరంలో అలాంటివారు లేరా?"

మేము వెంటనే బదులు పలకలేకపోయాము. తెలియక కాదు. మౌల్వీ, జైలు అనే రెండు మాటలు నేడు ఒకే వాక్యంలో పడితే వినేవారు ఏమనుకుంటారోనన్న జంకు. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మాకు ఆ జంకు సిగ్గు కలిగించింది.

అతడు పనిచేసే అంతస్తు నుండి గోల్కొండ కోట కనబడుతుందట. జవాబు ఆ కోటలోనే మొదలవుతుంది. నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా, సయ్యద్ అహ్మద్ షహీద్ సంస్కరణోద్యమం వైపు మొగ్గారు. ఆ ఉద్యమ బోధకుడు మౌలానా విలాయత్ అలీ హైదరాబాదుకు వచ్చి ప్రసంగాలు చేశారు. తిరుగుబాటుకు కుట్ర జరుగుతోందని ఆంగ్ల రెసిడెంటు ఆరోపించగా, దాడి ఏదీ జరగకముందే 1839లో ముబారిజుద్దౌలాను, ఆయనతోపాటు కొందరు మౌల్వీలను బంధించారు. రాజు తమ్ముడైనా విడుదల లేదు. 1854లో గోల్కొండలోనే కన్నుమూశారు.

మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్ గారి గాథ మరొక రకం. 1857లో కంటింజెంట్ అశ్విక దళం నుండి తప్పించుకుని నగరం చేరిన జమాదార్ చీదా ఖాన్‌ను దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెంటుకు అప్పగించారు. అతడిని విడిపించాలని నిజామును అడుగుదామన్న మాట మక్కా మసీదులో లేచింది. జులై 17, శుక్రవారం. ఆ సాయంత్రమే తుర్రేబాజ్ ఖాన్, అలావుద్దీన్ గార్ల వెంట కొన్ని వందలమంది కోఠీ రెసిడెన్సీపై దాడికి నడిచారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో అక్కడ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా ముగిసింది.

ఈ రెండు ఉదంతాలను మేము తరగతిలో కలిపి చెప్పము. ముబారిజుద్దౌలా వెంట ఖైదైన మౌల్వీలది బోధ. అలావుద్దీన్ గారు ఆయుధాలవారితో కలిసి నడిచారు. ఈ తేడాను దాచితే విద్యార్థికి అన్యాయం చేసినట్టే. నేడు కేవలం మాట కోసం పట్టుబడిన ఆలిమ్‌కూ అన్యాయం చేసినట్టే. ఎందుకంటే పాలకులు ఆనాడూ ఈ తేడా చూడలేదు. ఆయుధం పట్టినవారికీ, ఫత్వా రాసినవారికీ ఒకటే ఓడ సిద్ధం చేశారు.

ఆ ఓడ చేరింది అండమాన్‌కు. అలావుద్దీన్ గారిని 1859లో పంపారు. తిరుగుబాటుకు పురికొల్పారన్న నేరంపై అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీని కూడా అక్కడికే పంపగా, 1861లో అక్కడే మరణించారు. మౌలానా జాఫర్ థానేసరీకి 1864లో అంబాలాలో ఉరిశిక్ష పడి, ద్వీపాంతరవాసంగా మారింది. ఆయన 1883లో తిరిగివచ్చి తన అనుభవాలను గ్రంథస్థం చేశారు. కనుక ఆయన గురించి మనకు తెలుసు. మన అలావుద్దీన్ గారు మాత్రం తిరిగిరాలేదు. హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలామ్ చెరసాలలో తోటి ఖైదీలిద్దరికి తౌహీదు బోధించిన ఘట్టాన్ని చదివినప్పుడల్లా, ఆ ద్వీపంలో ఈ హైదరాబాదీ ఎవరికి పాఠం చెప్పి ఉంటారోనని తలపోస్తాము.

ఇదంతా ఆ యువకుడికి మసీదు మెట్లపైనే చెప్పాము. అతడి గంట దాటిపోయింది. తుర్రేబాజ్ ఖాన్ పేరు తాను విన్నాననీ, మౌల్వీ గారి పేరు ఎన్నడూ వినలేదనీ అన్నాడు. మరుసటి ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, తన ఇద్దరు పిల్లలకు పూర్వపు రెసిడెన్సీ భవనాన్ని, అంటే నేటి మహిళా విశ్వవిద్యాలయాన్ని, బయటి నుండి చూపించాడట. చిన్నది అడిగిందట: "అబ్బా, ఆ మౌల్వీ సాబ్ ఇల్లు ఎక్కడ?"