పసుపు నీళ్లలో తువ్వాలు

మాఘం దాటితే నిజామాబాద్ జిల్లా వేల్పూర్ కళ్లాల నిండా పసుపే. ఉడకబెట్టి, ఎండబెట్టి, ఢోలులో తిప్పి నునుపు చేసిన కొమ్ములు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లిపోతాయి. రంగు మాత్రం కూలితల్లుల అరచేతుల్లో, చీర అంచుల్లో ఉండిపోతుంది.

ఇంత రంగు పండే చోట దానితో బట్ట ఎందుకు అద్దకూడదు? ఇంట్లోనే పరీక్షించాను. తెల్లటి నూలు తువ్వాలును పసుపు నీళ్లలో మరిగిస్తే బంగారంలా వచ్చింది. సబ్బు తగలగానే పారాణిలా ఎర్రబడింది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపైంది. నాలుగు ఎండలకు వెలిసింది. కరక్కాయ, పటిక తోడైతే రంగు కొంత నిలుస్తుంది. నీలిమందు అద్దిన బట్టపై పసుపు వేస్తే చక్కటి ఆకుపచ్చ. అయినా ఎండకు పసుపు ఓడుతుంది. ఆ మాట కొనేవారికి ముందే చెప్పాలి. 'ప్రకృతి రంగు' అని చీటీ అంటించి ఊరుకుంటే అది మోసమే.

మరి బట్ట ఎక్కడిది? మన దగ్గరే ఒక దారి ఉంది. మిల్లుకు పోయే పత్తిని బేళ్లుగా గట్టిగా నొక్కి దూరం పంపుతారు. అక్కడ యంత్రాలు దాన్ని మళ్లీ బాది విడదీస్తాయి. ఆ దెబ్బలకు పోగు సత్తువ తగ్గుతుంది. చేనేత కార్మికుల కోసం దశాబ్దాలుగా పనిచేసిన ఉజ్రమ్మ ముందుండి నడిపిన మల్ఖా అనే చేనేత ప్రయత్నం ఆ బేలునే పక్కనపెట్టింది. పత్తి పండే చోటికి దగ్గర్లో చిన్న యంత్రాలపై నూలు, ఆ నూలు చేనేత మగ్గాలకు, ఆ బట్టకు ప్రకృతి రంగులు. మల్‌మల్, ఖద్దరు కలిసిన పేరు అది. ముట్టుకుంటే మెత్తదనం తెలుస్తుంది. ధర మిల్లు బట్ట కంటే ఎక్కువే. చేతులకు కూలి సరిగా ఇస్తే అంత కాక తప్పదు.

పనిచేసే చేతులంటే వేల్పూర్ చరిత్రే గుర్తొస్తుంది. 2001 అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. అప్పటి జిల్లా కలెక్టర్ జి.అశోక్ కుమార్ ఊరూరా సభలు పెట్టించారు. పిల్లలను పనిలో పెట్టుకున్నవాళ్లే ఆ పిల్లల తల్లిదండ్రుల అప్పులు మాఫీ చేశారు. 'మా ఊళ్లో బాలకార్మికులు లేరు' అని బోర్డులు వెలిశాయి. పత్తికీ ఆ మచ్చ ఉంది: హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో పిల్లలతో పూలకు పుప్పొడి అంటించే పని చేయించిన రోజులు తెలంగాణ చూసింది. అందుకే బట్టల వ్యాపారి తన పోగు ఏ చేను నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పగలగాలి. అలా అడగడం వేల్పూర్‌కు కొత్తేమీ కాదు.

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఎగుమతుల మాట బాగా వినిపిస్తోంది. రంగు మాట కూడా వినిపిస్తే బాగుండు. అద్దకానికి నున్నటి కొమ్మే అక్కర్లేదు, విరిగిన ముక్కలు చాలు. ఆ ముక్కలకూ నాలుగు పైసలు ఎక్కువొస్తే రైతుకు అదే ఊరట.

ఆర్మూర్ బజారులో పసుపు అద్దకం దుకాణం ఒకటి ఉంటే చూడాలని నా కోరిక. వెలిసిన చీర తెస్తే మళ్లీ అద్ది ఇచ్చే దుకాణం. నా తువ్వాలు ఇప్పటికి రెండుసార్లు వెలిసింది. నిన్న మూడోసారి పసుపు నీళ్లలో వేశాను.