కొత్త భవనములో కరెంటు: సంతకమునకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

ముంబయి నడిబొడ్డున లాల్‌బాగ్, పరేల్, వర్లీ ప్రాంతములలో మన కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. 1982 సమ్మె తరువాత అచ్చటి బట్టల మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. వాటి స్థలములలో ఎత్తైన భవనములు లేచినవి. ఇప్పుడు పాత చాళ్ళను పడగొట్టి అంతస్తుల ఇండ్లు కట్టుచున్నారు. సమ్మతి పత్రముపై సంతకము చేయునపుడు మనవారు విస్తీర్ణమెంత, ఏ అంతస్తు, లిఫ్టు ఉన్నదా అని అడుగుచున్నారు. కరెంటు సంగతి అడుగువారు అరుదు. ఖోలీలో ఒక దీపము, ఒక పంకా ఉన్న రోజులలో ఆ అవసరము లేకపోయెను. ఇప్పుడట్లు కాదు. షోలాపురమైనను, భివండీ అయినను లెక్క ఇదే.

లోడు లెక్క

ఇంటికి ఎంత కరెంటు కావలెనో ఇంజనీరు మొదట లెక్క వేయును. దీనినే లోడు అందురు. నూరు ఇండ్ల భవనమనుకొనుడు. ఇంటికి 5 కిలోవాట్ల చొప్పున మొత్తము 500. అన్ని ఇండ్లలో గీజరు, మిక్సీ ఒకే నిమిషమున నడువవు గనుక సగము, అనగా 250 చాలుననుకొందము. లిఫ్టులకు, నీటి పంపులకు, మెట్ల దీపములకు మరి 50 కలుపగా 300. పవరు ఫ్యాక్టరు 0.9 అయినచో 333 కె.వి.ఎ. అగును. దీనికి 500 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినచో ముందు ముందు పెరుగుదలకు చోటుండును. 315 పెట్టినచో మొదటినుండియే అధిక భారము. ఇంటికి 5 బదులు 2 అని వ్రాసినచో బిల్డరుకు ఖర్చు తగ్గును. బాధ మాత్రము మనది.

ట్రాన్స్‌ఫార్మరు గది

నగరములో 11,000 వోల్టుల కేబులు నేల క్రింద వచ్చును. ట్రాన్స్‌ఫార్మరు దానిని 415 వోల్టులకు దించును. ఇంటిలోనికి 230 వోల్టులు వచ్చును. ఈ గది నేల అంతస్తున, లారీ వచ్చి యంత్రమును దింపుటకు వీలుగా ఉండవలెను. నేలమాళిగలో పెట్టినచో స్థలము మిగులును గాని నీటి భయముండును. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రుజ్‌లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వర్షము కురిసిన సంగతి మరువరాదు. కేబులు రెండు వైపులనుండి కలిపినచో, ఒకవైపు తవ్వకములో తెగినను రెండవవైపునుండి సరఫరా సాగును.

పై అంతస్తులకు

మీటర్ల గదినుండి తీగలు నిలువు సందులో పైకి పోవును. ఆ సందును ప్రతి అంతస్తు వద్ద నిప్పు పాకకుండ మూసియుంచవలెను. లేనిచో క్రింద పుట్టిన పొగ పైవరకు ఎక్కును. అక్కడ చెప్పులు, పాత సామాను పెట్టుట ప్రమాదకరము. తీగ సన్నమైనచో పై అంతస్తు చేరుసరికి వోల్టేజి పడిపోవును. ప్రతి ఇంటికి ఎర్తు తీగ, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే ఆగిపోవు ట్రిప్పు స్విచ్చి ఉండవలెను. ఫ్యూజు తీగను కాపాడును. ఈ స్విచ్చి మనిషిని కాపాడును.

మీటరు, బిల్లు

2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారము ఇంటింటికి విడి కనెక్షనా, భవనమంతటికి ఒకే కనెక్షనా అనునది ఇంటి యజమానుల ఓటుతో తేలవలెను. సొంత వాడకము, ఉమ్మడి వాడకము, జనరేటరు కరెంటు ఈ మూడింటికి లెక్కలు వేరుగా ఉండవలెను.

ఇంటిలో పని చేయువారికి

కుట్టు మిషనును, కండెలు చుట్టు చిన్న మోటారును ఇంటి తీగలు మోయగలవు. సాంచా సంగతి వేరు. ఒక హార్సు పవరు మోటారు 746 వాట్లే అయినను, బయలుదేరునపుడు క్షణకాలము ఐదారు రెట్లు కరెంటు లాగును. దాని అదురు గోడలలో పాకును. పైగా ఇంటి అవసరమునకు తీసికొన్న కరెంటును వేరొక పనికి వాడినచో, 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వాడకముగా లెక్కించి రెట్టింపు రేటున వసూలు చేయవచ్చును. కావున ఇంట పని ఉన్నవారు దానికి వేరు గది, వేరు మీటరు ఎక్కడ ఇచ్చెదరో ముందే తేల్చుకొనవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

1. ఇంటికి ఎన్ని కిలోవాట్లు?
2. ట్రాన్స్‌ఫార్మరు ఎంత, గది ఎక్కడ?
3. కరెంటు పోయినపుడు లిఫ్టుకు, పంపుకు జనరేటరు ఉన్నదా? ఖర్చు ఎవరిది?
4. ఎర్తు, ట్రిప్పు స్విచ్చి ప్రతి ఇంటికి ఉన్నవా?
5. పని గదికి వేరు మీటరు ఇచ్చెదరా?

నోటిమాటతో తృప్తిపడక, జవాబులను అంకెలతో ఒప్పందములో వ్రాయించుకొనుడు. ఒక్కరు అడిగిన వినకపోవచ్చును. చాల్ వారందరు కలిసి ఒకే పత్రముగా అడుగుడు. సంతకమునకు ముందు ఆ కాగితమును లైసెన్సుగల ఎలక్ట్రికల్ కంట్రాక్టరుకు చూపుడు. గోడలు లేచిన తరువాత గది మార్చుటకు, లావు తీగ వేయుటకు అగు ఖర్చు మనమీదనే పడును.