ఎన్నిసార్లు ఎత్తాలి? ఎన్ని సెట్లు చేయాలి?

ఈ మధ్య ఆస్పత్రి వరండాలో నన్ను ఆపి అడిగేవారిలో రెండు రకాలవారు ఎక్కువయ్యారు. మొదటివారు మన సంఘ కుటుంబాల కుర్రవాళ్లు. "ఆంటీ, కండ పెరగాలంటే 5 సార్లు ఎత్తాలా, 12 సార్లా, 20 సార్లా? జిమ్ములో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు" అంటారు. రెండవవారు డిశ్చార్జి కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడేవారు. "సిస్టరు గారూ, అమ్మకు జ్వరం తగ్గిపోయింది గానీ కుర్చీలోంచి లేవలేకపోతోంది, ఏం టానిక్ ఇమ్మంటారు?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఒక్కటే. అది టానిక్ సీసాలో మాత్రం లేదు.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. ఒక బరువును ఒకసారి ఎత్తి దించితే అది ఒక రెపిటీషన్. కుర్రవాళ్లు రెప్ అంటారు. ఆపకుండా వరుసగా 10 సార్లు ఎత్తి దించి, తరువాత కాసేపు కూర్చుంటే అది ఒక సెట్. అలా మూడు విడతలు చేస్తే "10 చొప్పున 3 సెట్లు" అన్నమాట.

ఈ లెక్క ఆస్పత్రిలో పుట్టింది

ఈ సెట్ల లెక్క పహిల్వానులు కనిపెట్టినదని చాలామంది అనుకుంటారు. మన పల్లెల్లో దండీలు, బస్కీలు, సంగిడి రాళ్లు ఎప్పటినుంచో ఉన్న మాట నిజమే. అయితే ఈ రోజు ప్రతి జిమ్ములోనూ వినబడే "10 చొప్పున 3 సెట్లు" అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవాడు ఒక సైనిక వైద్యుడు. ఆయన పేరు డాక్టర్ థామస్ డిలోర్మ్. రెండవ ప్రపంచయుద్ధంలో మోకాళ్లు, తొడలు దెబ్బతిన్న అమెరికా సైనికులు షికాగోలోని గార్డినర్ సైనిక ఆస్పత్రి నిండా ఉండేవారు. ఎముక అతికినా కాలు సన్నబడిపోయి నెలల తరబడి మంచం వదలలేకపోయేవారు. ఆ రోజుల్లో అటువంటివారికి తేలికపాటి వ్యాయామాలే ఇచ్చేవారు, బరువు అంటే భయపడేవారు. డిలోర్మ్ చిన్నతనంలో రుమాటిక్ జ్వరంతో నెలల తరబడి మంచాన పడి, లేచాక బరువులెత్తి బలం తెచ్చుకున్న మనిషి. అదే పద్ధతిని తన రోగులకూ ఇచ్చారు. పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి బరువులు తగిలించి, కూర్చున్నచోటే మోకాలు చాపించారు. ఈ ఫలితాలను 1945లో ప్రచురించారు.

మొదట్లో ఆయన 10 సార్ల చొప్పున 7 నుంచి 10 సెట్లు చేయించేవారు. తరువాత అంత అవసరం లేదని గ్రహించి 1948లో మూడింటికి తగ్గించారు. ఆయన పద్ధతి మా ఫిజియోథెరపీ విభాగంలో నేటికీ పనికొస్తుంది. సరిగ్గా 10 సార్లు ఎత్తగలిగి, పదకొండవసారి ఎత్తలేని బరువు ఏదో మొదట చూస్తారు. అది 4 కిలోలు అనుకోండి. మొదటి సెట్ అందులో సగంతో, అనగా 2 కిలోలతో. రెండవది ముప్పాతికతో, అనగా 3 కిలోలతో. మూడవది పూర్తి 4 కిలోలతో. రోజులు గడిచి 10 సార్లు సునాయాసమైపోతే బరువు పెంచుతారు. ఇందులో గొప్పతనం 10 అనే అంకెలో లేదు. ఎవరి బరువు వారి శక్తినిబట్టి కొలుచుకోవడంలోను, శక్తి పెరిగినకొద్దీ బరువు పెంచడంలోను ఉంది.

మరి 5 మంచిదా, 20 మంచిదా?

కండ పెరగడానికి 8 నుంచి 12 సార్లే సరైనవని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పడం లేదు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు యువకులచేత 10 వారాలు మోకాలు చాపే వ్యాయామం చేయించారు. తాము ఒకసారి ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతంతో కొన్ని కాళ్లు, కేవలం 30 శాతంతో మరికొన్ని కాళ్లు పనిచేశాయి. ప్రతి సెట్‌ను ఇక ఎత్తలేనంతవరకు చేయించారు. 3 సెట్లు చేసినచోట తేలిక బరువైనా, పెద్ద బరువైనా తొడ కండ సుమారు 7 శాతమే పెరిగింది. పెద్ద బరువుతో ఒక్క సెట్ మాత్రమే చేసిన కాళ్లలో పెరుగుదల 3 శాతం చిల్లర.

దీన్నిబట్టి కుర్రవాళ్లకు నా జవాబు ఇది. 5 నుంచి 30 వరకు ఏ లెక్కతోనైనా కండ పెరుగుతుంది, చివరి రెండు మూడు సార్లు నిజంగా కష్టమనిపిస్తేనే. 12 అని రాసి ఉన్నందువల్ల 12 దగ్గర ఆపేసి, ఇంకో 12 చేయగలిగినంత ఓపిక మిగిలితే ఆ సెట్ వల్ల ఒరిగేది తక్కువ. అలాగని ప్రతిసారీ చేతులు వణికి బరువు జారిపోయేదాకా చేయనవసరం లేదు. "ఇంకొక్కటి, మహా అయితే రెండు చేయగలను" అనిపించినచోట ఆపండి. మరీ తక్కువసార్లు ఎత్తాలంటే బరువు ఎక్కువ కావాలి, కీళ్లమీద భారం పడుతుంది. మరీ ఎక్కువసార్లయితే ఆయాసం, విసుగు. అందుచేత మామూలు మనుషులకు 8 నుంచి 15 మధ్య అనుకూలం.

ఒకే ఒక్కసారి వీలైనంత ఎక్కువ బరువెత్తడం లక్ష్యమైతే సంగతి వేరు. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ పోటీలో ఒక్కొక్క ఎత్తుకే లెక్క. అటువంటి బలానికి పెద్ద బరువుతో తక్కువసార్లు సాధన చేయక తప్పదు. అది గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్య. దానికీ, చొక్కా చేయి బిగుతుగా కనబడాలనే కోరికకూ చాలా దూరం.

సెట్లు వారం లెక్కన చూడండి

ఒక్కరోజులో ఎన్ని చేశామన్నదానికంటే ఒక్కొక్క కండకు వారం మొత్తంమీద ఎన్ని సెట్లు పడ్డాయన్నది ముఖ్యం. పాత పరిశోధనలన్నిటినీ కలిపి 2017లో వెలువడిన ఒక సమీక్షలో, వారానికి 10 లేదా అంతకు మించి సెట్లు చేసినవారిలో 5 కంటే తక్కువ చేసినవారికన్నా కండ ఎక్కువ పెరిగినట్లు తేలింది. కొత్తవారు మొదటి నెల వారానికి 4 నుంచి 6 సెట్లతో సరిపెట్టుకోండి. సోమవారం 3, గురువారం 3 అనుకోండి. తరువాత నెమ్మదిగా 10 దాకా పెంచుకోవచ్చు. దండీలు చేస్తే ఛాతీకీ పడుతుంది, చేయి వెనుక కండకూ పడుతుంది. దాన్ని రెండింటి లెక్కలోనూ వేసుకోండి. సెట్‌కూ సెట్‌కూ మధ్య 2, 3 నిమిషాలు కూర్చోండి. కూర్చుంటే పరువు తక్కువని పిల్లలు అనుకుంటారు. ఊపిరి కుదుటపడకుండా మొదలుపెడితే తరువాతి సెట్‌లో చేయగలిగిన లెక్క తగ్గిపోతుంది, అంతే.

"పది మంచిదైతే ఒకేరోజు ముప్పై చేస్తే?" అని అడిగే తెలివైనవారు ఉంటారు. ఒక ఇంజినీరింగు విద్యార్థి చాలా నెలలు ఏ వ్యాయామమూ లేకుండా ఉండి, సెలవుల్లో స్నేహితులతో పందెం కట్టి మొదటిరోజే 15 సెట్లు బస్కీలు తీశాడు. మూడవరోజుకు తొడలు రాళ్లలా బిగుసుకుని, మెట్లు దిగలేక, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంటే తండ్రి మోసుకొచ్చినంత పని చేసి తీసుకొచ్చాడు. కండరాల కణాలు ఒక్కసారిగా చిట్లి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు అడ్డం పడే ప్రమాదం అది. గంటగంటకూ మూత్రం కొలుస్తూ, సెలైన్లు ఎక్కిస్తూ నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉన్నాం. దేవుని దయవల్ల డయాలసిస్ అవసరం రాలేదు. ఆ తల్లి నాలుగు రాత్రులూ మంచం పక్కన నేలమీదే కూర్చుంది. వ్యాయామం తరువాత మామూలు ఒళ్లునొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మూత్రం రంగు మారినా, తొడలు వాచినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి రండి.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. తొందరగా కండ వస్తుందని జిమ్ముల్లో కొందరు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీయగలవు, మగపిల్లలలో సంతానం కలిగే శక్తినీ తగ్గించగలవు. పెళ్లికి ముందు ఫోటోల కోసం వాటిని తీసుకోవద్దని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా చెప్పాలి.

మంచం పట్టి లేచినవారికి

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వస్తాను. నా మనసు ఎక్కువగా దీనిమీదే ఉంది. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువారిని పరిశోధన కోసం 10 రోజులు మంచంమీదే ఉంచారు. ఏ జబ్బూ లేకుండానే ఒక్కొక్కరి కాళ్లలోనుంచి సగటున దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయింది. ఇక జ్వరం, ఆపరేషన్, తిండి సహించకపోవడం కూడా తోడైతే ఎంత పోతుందో ఊహించుకోండి. మన ఇళ్లలో ప్రేమకొద్దీ "నువ్వు లేవకమ్మా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటారు. ఆ ప్రేమవల్లనే రెండు నెలలకు ఆవిడ బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటుంది. ఇది నేను వార్డులో చాలాసార్లు చూశాను.

వయసు మీరితే కండ రాదన్న మాట నిజం కాదు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్యవారిచేత 8 వారాలపాటు తొడలకు బరువు వ్యాయామం చేయించారు. వారానికి 3 రోజులు, రోజుకు 3 సెట్లు, సెట్‌కు 8 సార్లు. బరువు కూడా తేలికది కాదు, వారు ఎత్తగల గరిష్ఠ బరువులో 80 శాతం వరకు పెంచారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ మధ్య భాగంలో కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. ఇవన్నీ దగ్గర ఉండి చేయించేవారి కళ్లముందు జరిగాయి, అది గుర్తుంచుకోండి.

మనం ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? గోడకు ఆనించిన గట్టి కుర్చీ ఒకటి చాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. చేతులు ఆనించకుండా లేచి నిలబడి, మెల్లగా మళ్లీ కూర్చోవడం ఒక రెప్. చేతులు ఆనించకపోతే లేవలేనివారు ముందు ఆనించే చేయండి, లేదా దిండు వేసి కుర్చీ ఎత్తు పెంచండి. ఎన్నిసార్లకు అలసట వస్తుందో చూడండి. 5 సార్లకే వస్తే మీ సెట్ 5. మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామం. 12 సార్లు సులభమైనప్పుడు దిండు తీసేయండి. ఆ తరువాత ఒడిలో ఒక కిలో ఉప్పు ప్యాకెట్ పట్టుకుని లేవండి. డిలోర్మ్ ఇనుప బూటుకు బదులు చీలమండకు కట్టుకునే ఇసుకసంచి మా ఫిజియోథెరపీ గదిలో చూపిస్తారు. పాత లుంగీ గుడ్డతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. చేతులకైతే గుడ్డసంచిలో ఉప్పు ప్యాకెట్లు. డంబెల్ కొనలేదని ఎవరూ ఆగనక్కరలేదు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. మేము టెంపరేచరు చార్టు రాసినట్లే తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు అని రాయండి. 2 కిలోలు, 8, 8, 7. తరువాతివారం 9, 8, 8. మూడు సెట్లూ 12 చేరాక అర కిలో పెంచి మళ్లీ 8 దగ్గర మొదలుపెట్టండి. రాయనివారు తాము ఎక్కడున్నామో వారానికే మరచిపోతారు, అదే బరువుతో ఏడాది గడిపేస్తారు.

తిండి లేకుండా ఇవేవీ పనిచేయవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు రోజుకు కిలో శరీరబరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. కండ పెంచేవారికి దీనికంటే ఎక్కువ, కిలోకు 1.6 గ్రాముల దాకా, ఉపయోగం ఉంటుంది. గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. చారు అన్నం, పచ్చడి అన్నంతో ఈ లెక్క తేలదు. పప్పు, పెరుగు, సెనగలు, చేప, గుడ్డు ఏ పూటకాపూట కంచంలో ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారు చెప్పిన కొలత దాటవద్దు.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. ఎత్తుతూ ఊపిరి వదలండి, దించుతూ పీల్చండి. బీపీ అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు, షుగరువల్ల కంటి నరాలు దెబ్బతిన్నవారు, హెర్నియా, సిజేరియన్, శుక్లాల ఆపరేషన్ ఈమధ్యనే అయినవారు మీ డాక్టరుగారు సరే అన్న తరువాతే మొదలుపెట్టండి. ఇన్సులిన్ తీసుకునేవారు వ్యాయామం వేళ దగ్గర గ్లూకోజు గానీ బిస్కట్లు గానీ ఉంచుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పోటు కనిపిస్తే అక్కడే ఆపేయండి. ఫిజియోథెరపీ గదికి వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా వెంట తెచ్చుకోండి.